మూత కింద లేని వాషరు

మధ్యాహ్నం ఒంటిగంట నలభై నిమిషాలకు పోలీసు స్టేషన్ వెనుక గదిలోకి డిటెక్టివ్ అడుగుపెట్టేసరికి, మెకానిక్ తన రెండు చేతులనూ బల్ల మీద బోర్లించి, ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులను చూసినట్టు వాటిని చూసుకుంటున్నాడు. పక్కనే టైపు చేసిన ఒక కాగితం. దాని మీద మూత తీసిన కలం.

"నాలుగింటికి పై అధికారి వస్తాడు. ఆయన ముందు సంతకం పెడతానన్నాడు," అని తలుపు దగ్గరి కానిస్టేబుల్ ఆవులించాడు. "తప్పు ఒప్పుకుంటానన్న మనిషితో మీకేం పని మేడమ్?"

"ఒప్పుకోవడానికి తప్పు ఉందో లేదో చూడాలిగా," అని ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

అరవై దాటిన మనిషి. ఇన్సూరెన్సు సర్వేయర్లకు శిక్షణ ఇచ్చే బడిలో ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పి, పదవీ విరమణ తరువాత ప్రమాదాల కేసులు మాత్రమే పట్టే డిటెక్టివ్ అయింది. చేతి గడియారం ముఖాన్ని మణికట్టు లోపలి వైపుకు తిప్పి కట్టుకునే అలవాటు. ఎదుటి మనిషికి తెలియకుండా టైము చూసుకోవడానికి.

కేసు చూడబోతే చిన్నదే. గడియారాల షాపు యజమాని ఒకాయన, ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారును యాభై ఏళ్ళుగా కంటిపాపలా చూసుకుంటూ వచ్చాడు. ముసలితనంలో మోకాళ్ళు వాచి, పెద్ద పాత స్టీరింగు చక్రం తొడలకు రాసుకుంటోందని, బజారులో దొరికే చిన్న చెక్క చక్రం కొని తెచ్చాడు. మెకానిక్ దాన్ని ఒక సోమవారం బిగించాడు. పదకొండు రోజులు కారు నిక్షేపంలా తిరిగింది. పన్నెండో రోజు, శుక్రవారం ఉదయం ఎనిమిదీ పదికి, వంతెన మలుపులో ఆ చక్రం ఊడి గడియారాలాయన చేతుల్లోకి వచ్చేసింది. కారు గోడను గుద్దింది. బోడిగా మిగిలిన ఇనుప షాఫ్టు ఆయన రొమ్ములో దిగబడింది.

"మీకు శ్రమ ఇచ్చింది మా అక్క," అన్నాడు మెకానిక్ తల ఎత్తకుండా. "నాకు డిటెక్టివులు అక్కర్లేదమ్మా."

"నీ కోసం రాలేదు. నిజం కోసం వచ్చాను. నువ్వు దోషివే అయితే ఆ మాట మీ అక్కకు నేనే చెబుతాను, ముసుగులో గుద్దులాట నాకు చేతకాదు. నట్టు బిగించావా, లేదా?"

"తెలియదు."

"తెలియనివాడివి ఎందుకు సంతకం పెడతావు?"

"మనిషి పోయాడు కదమ్మా. నా దగ్గరికి పదకొండేళ్ళు వచ్చిన మనిషి. తెలియదంటే చెల్లుతుందా?"

ఆమె పని మొదటినుంచీ వరసగా చెప్పమంది. అతడు మొదట నీళ్ళు నమిలాడు. పని సంగతి కాబట్టి మెల్లగా గొంతు తెరిపిన పడింది. పాత చక్రం ఊడదీశాడు. కొత్త చక్రాన్ని దాని నడిమి దిమ్మకు, అంటే హబ్బుకు, ఆరు మరలతో బిగించాడు. ఆ హబ్బును షాఫ్టు మీది గాడుల్లోకి దించాడు. దాని మీద, నట్టు వదులవ్వకుండా పట్టే పళ్ళ వాషరు, ఆ పైన నట్టు, అన్నిటి మీదా హారన్ మూత.

"వాషరు కూర్చోలేదమ్మా. బజారు సరుకు కదా, హబ్బులో గుంట వెంట్రుకవాసి చిన్నది. వాషరు బయటి అంచు ఒక పక్క ఆకురాయితో అరగదీశాను. పళ్ళు లోపలి వైపు ఉంటాయి, వాటి జోలికి పోలేదు. అప్పుడు కూర్చుంది. నట్టు వేళ్ళతో ఎక్కించాను." అతడు ఆగాడు. "అప్పుడు ఫోను మోగింది."

"ఎవరు?"

"అక్క. వచ్చేటప్పుడు రెండు దారపు ఉండలు తెమ్మంది. ముదురు నీలం."

"తరువాత?"

"తరువాత హారన్ మూత నొక్కిన చప్పుడు గుర్తుంది. మధ్యలో ఏమీ లేదమ్మా, పెద్ద గొయ్యి. దారం రంగు గుర్తుంది గాని, నా చెయ్యి పానా పట్టిందో లేదో గుర్తులేదు. ఐదు రోజులుగా ఈ చేతుల్నే అడుగుతున్నాను. పలకవు."

ముప్ఫై ఏళ్ళు చేసిన పని చేతుల్లో ఉంటుంది గాని జ్ఞాపకంలో ఉండదని ఆమెకు తెలుసు. అయితే న్యాయస్థానంలో చేతులు సాక్ష్యం చెప్పవు. అతడి జాగ్రత్త ఏపాటిదో తూచడానికి ఆమె ఒక తేలిక ప్రశ్న వేసింది.

"పాత చక్రం ఊడదీసేటప్పుడు నట్టు పూర్తిగా తీసేశావా?"

మెకానిక్ మొదటిసారి తలెత్తాడు. అంత దుఃఖంలోనూ అతడి ముఖం మీద ఒక పనివాడి వెటకారం మెరిసింది. "ఎవడైనా తీస్తాడా అమ్మా? చివరి మూడు చుట్లు ఉంచాలి. చక్రం బిర్రుగా పట్టుకుని ఉంటుంది, లాగి లాగి లాగితే ఒక్కసారి వదిలేస్తుంది. నట్టు ఆపకపోతే వచ్చి మూతి పగలగొడుతుంది. నేర్చుకునే రోజుల్లో అందరికీ ఒకసారి అయ్యేదే." కింది పెదవి లాగి, పాత మచ్చ చూపించాడు.

ఆమె లేచింది. ఒంటిగంట యాభై ఎనిమిది.

వరండాలో మెకానిక్ అక్క నిలబడి ఉంది. కుట్టుపని చేసుకునే మనిషి, మెడలో కొలత టేపు తీయడం కూడా మరిచి పరుగెత్తుకొచ్చింది. చేతిలోని ఫోనును నిప్పుకణికలా వేళ్ళ కొసలతో పట్టుకుంది.

"నా నోరు పడిపోనూ! ఆ దారం రేపటికైనా పనికొచ్చేదమ్మా. ఏడేళ్ళవాణ్ణి నా చేతుల్లో పెట్టి అమ్మ పోయింది. వాడి అన్నం నేను కలిపాను, వాడి చొక్కాలు నేను కుట్టాను. ఇప్పుడు నేనే చేజేతులా జైల్లో పెట్టాను. ఆ ఒక్క ఫోను చెయ్యకపోతే..."

"ఏడవడానికి టైము లేదు. నాలుగింటి దాకా వాణ్ణి ఆ కలం ముట్టనివ్వకు. మాటల్లో పెట్టు."

"ఏం మాట్లాడను? నన్ను చూస్తే తల దించేసుకుంటున్నాడు."

"తిట్టు. తమ్ముణ్ణి తిట్టడానికి అక్కకు మాటలు కరువా?"

ఆ మాటకు ఆమె ఏడుపులోనే ఒకసారి నవ్వి, టేపు కొసతో కళ్ళు తుడుచుకుంది.

రెండూ ముప్ఫై అయిదుకు డిటెక్టివ్ పాత ఇనుము యార్డుకు చేరింది. ఎర్ర కారు ముక్కు నలిగి, గొలుసులతో క్రేను కొక్కేనికి అప్పటికే కట్టి ఉంది. అవతల, ఇనుమును అప్పచ్చి చేసే యంత్రం గురకపెడుతోంది. కారు పక్కన బల్ల మీద, ముద్ర వేసిన సంచిలో చెక్క చక్రం. దాని వెనుక తెల్ల చొక్కాలో ఇన్సూరెన్సు సర్వేయరు.

"మీరొస్తారని అనుకున్నాను మేడమ్," అన్నాడతడు పెదవులు బిగబట్టి. "మీ శిష్యుడి మీద ఇంకా నమ్మకం కుదరలేదన్నమాట."

అతడు నిజంగానే ఆమె శిష్యుడు. ఆ తరగతిలో మొదటి మార్కు అతడిదే. కాకపోతే చేతులకు నూనె అంటుకునే పాఠం ఉన్న రోజున అతడికి తప్పక జ్వరం వచ్చేది. అందరికంటే ముందు నవ్వే కుర్రాడు. ఇవాళ నవ్వలేదు.

"మూడూ నలభై అయిదుకు ఈ కారును యంత్రంలో వెయ్యమని రాసిచ్చావట. అంత తొందరేం?"

"కేసు ముగిసింది కాబట్టి. నట్టు మూత కిందే దొరికింది, వదులుగా. వాషరు లేదు. అంటే వెయ్యలేదు. నట్టు బిగించనూ లేదు. మూడు ముక్కల్లో తేలిపోయింది. మెకానిక్కే ఒప్పుకుంటుంటే మధ్యలో మీకెందుకు ఈ ఎండలో అవస్థ? ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి."

"విశ్రాంతికి వేరే రోజులున్నాయి. ఇదిగో కోర్టు ఇచ్చిన ఉత్తర్వు, గంటసేపు పరిశీలన. సంచి విప్పు."

"విప్పుతాను, విప్పుతాను. మీరు పుల్ల పెట్టందే ఏ పనీ ముగియదు మా ప్రాణానికి."

ఆమె భూతద్దం తీసింది. మొదట చెక్క. నున్నటి వార్నిషు మీద, డ్రైవరు వైపు, గింజ గుచ్చినట్టు ఒకే ఒక చిన్న గంటు. అంచుల్లో గోధుమరంగు మరక ఎండిపోయి ఉంది.

"ఇదేమిటి?"

"గుద్దినప్పుడు ఆయన పళ్ళు తగిలి ఉంటాయి."

"శవపరీక్ష కాగితం చదివాను. ఆయన నోటికి దెబ్బ లేదు. ఆ వయసులోనూ ముప్ఫై పళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయని రాశారు."

సర్వేయరు జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "ఎండ మేడమ్," అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

ఆ తరువాత హబ్బు. నట్టు కూర్చునే గుంటను వెలుతురుకు తిప్పేసరికి ఆమె భూతద్దాన్ని ఇంకాస్త దగ్గరికి జరిపింది. గుంట అడుగున లోహంలో వాడి గుర్తులు, వలయంగా. లెక్కపెట్టింది. పన్నెండు. ప్రతి గుర్తుకూ నట్టు విప్పే వైపు ఒక సన్నని గీర. ఆ వలయం బయటి అంచు గుండ్రంగా అచ్చుపడి, ఒక్క పక్క మాత్రం గీత గీసినట్టు చదునుగా ఉంది. ఆకురాయి పెట్టిన పక్క.

"వాషరు వెయ్యలేదన్నావు," అంది ఆమె, గొంతు పెంచకుండా. "పన్నెండు పళ్ళు ఇక్కడ దిగబడ్డాయి. వేళ్ళతో తిప్పితే దిగవు, పొడుగు పానాతో బలం పెడితేనే దిగుతాయి. ఆ తరువాత ఎవరో పానాతోనే విప్పారు, అందుకే గీరలు. తనంతట తాను వదులైన నట్టయితే వాషరు కూడా మూత కిందే ఉండాలి. ఆ మూతలోంచి చీమ కూడా బయటికి రాలేదు. అంటే మెకానిక్ తరువాత ఇంకొకరు ఈ మూత తెరిచారు."

"తెరిస్తే గడియారాలాయనే తెరిచి ఉంటాడు. గడియారాలు విప్పిన చెయ్యి ఊరుకుంటుందా?"

"ఆయన మోకాళ్ళకు గుడ్డ చుట్టుకునే మనిషి. చేతివేళ్ళు కూడా వణుకుతాయని వైద్యుడి కాగితంలో ఉంది. పైగా ఆయన నోటికి దెబ్బ లేదని చెప్పాను కదా."

"నోటికీ దీనికీ ఏమిటి సంబంధం?"

ఆమె అతడి ముఖంలోకి చూసింది. నిజంగానే తెలియక అడిగాడు. మూడు చుట్ల పాఠం చెప్పిన రోజున ఇతడికి జ్వరం.

క్రేను డ్రైవరు, లావుపాటి పెద్దమనిషి, పైనుంచి దిగివచ్చి చల్లటి నీళ్ళ సీసా ఇద్దరి ముందూ పెట్టాడు. "తాగండి సార్, ముఖాన నెత్తురుచుక్క లేదు మీకు." సర్వేయరు ఒక గుక్క పోసుకున్నాడు. వెంటనే కుడి దవడ పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ నీటిని ఎడమ బుగ్గలోకి నెట్టుకున్నాడు.

ఆమె అది చూసీ చూడనట్టు కారులోకి వంగింది. బోడి షాఫ్టును గుడ్డతో తుడిచింది. హబ్బు కప్పి ఉంచే చోట, గాడుల కిందుగా, చీమ తలంత అంకెలు పొడిచి ఉన్నాయి. నాలుగు, సున్నా, ఏడు, ఏడు, ఒకటి. చక్రం అమర్చి ఉండగా ఈ అంకెలు మానవమాత్రుడి కంటికి కనిపించవు.

"మెకానిక్ ఇచ్చిన రసీదు చూడాలి. ఫైలు ఇస్తావా?"

"తప్పకుండా." ఫైలు మాట రాగానే అతడికి పోయిన ప్రాణం లేచివచ్చింది. "నా ఫైల్లో ఒక్క గడి కూడా ఖాళీగా ఉండదు. అది నేర్పింది మీరే."

రసీదు కింద ఇంకొక కాగితం ఉంది. ప్రమాదానికి రెండు రోజుల ముందు, బుధవారం పదకొండు గంటలకు, ఇన్సూరెన్సు కోసం కారుకు విలువ కట్టిన పత్రం. ఇరవై నాలుగు గడులు. పందొమ్మిదో గడిలో మిగతా సర్వేయర్లందరూ అడ్డగీత గీసి వదిలేస్తారు. అక్కడ ముత్యాల్లాంటి అక్షరాల్లో, స్టీరింగు షాఫ్టు నంబరు: నలభై వేల ఏడువందల డెబ్భై ఒకటి. అడుగున సంతకం ఎవరిదో ఆమెకు చదవనక్కర్లేదు. ఆ సంతకం ఉన్న జవాబుపత్రాలు ఆమె ఎన్నో దిద్దింది.

గెలిచానన్న సంతోషం ఆమెకు కలగలేదు. నంబరు చూసినంత మాత్రాన విప్పింది ఇతడేనని రుజువు కాదు, ఎవరో చెబితే రాసుకున్నానంటాడు. మూడూ ముప్ఫై ఎనిమిది. ఆమె దగ్గర ఒకే ఒక ఆశ మిగిలింది. ఆ ఆశ కూడా ఆమె చెప్పిన పాఠమే.

"ఒకవేళ వాషరు కారులోనే ఎక్కడో పడిందేమో, వెతికి చూద్దాం," అంది తాపీగా. "నీ అయస్కాంతం ఇవ్వు."

పాత కార్లకు విలువ కట్టేవాడి దగ్గర అయస్కాంతం తప్పకుండా ఉంటుంది. రంగు కింద అసలు రేకు ఉందో, లప్పం పూసి మోసం చేశారో అదే చెబుతుంది. కొత్త కార్లకు దాని అవసరం రాదు కాబట్టి, ఆ బుధవారం తరువాత ఇతడు దాన్ని బయటికి తీసి ఉండకపోవచ్చు. సర్వేయరు తన తోలుసంచి అడుగున చెయ్యి పెట్టి ఒక ముఖమల్ తిత్తి తీసి, నిర్లక్ష్యంగా బల్ల మీద బోర్లించాడు.

అయస్కాంతం దొర్లింది. దాని నడినెత్తిని పట్టుకుని, పన్నెండు పళ్ళ వాషరు ఒకటి.

ఒక అంచు చదునుగా ఉంది. దాని మీద ఆకురాయి గీతలు.

"విప్పిన చిన్న వస్తువులు పోకుండా అయస్కాంతానికి అంటించుకోండి అని ప్రతి ఏడాదీ చెప్పేదాన్ని," అంది డిటెక్టివ్. "ఆ ఒక్కటీ నేర్చుకున్నావు. నట్టు చివరి మూడు చుట్లు ఉంచాలన్నది మాత్రం వినలేదు. ఏదీ, నోరు తెరువు."

అతడు తెరవలేదు. కుడి దవడ మీద చెయ్యి వేసుకున్నాడు. "ఆయన భార్య కాఫీ తెస్తున్న చప్పుడైంది మేడమ్. చక్రం వచ్చి తగిలి నా నోటినిండా నెత్తురు. సిగ్గేసింది. గబగబా పెట్టేశాను. బిగించాననే అనుకున్నాను. ఒట్టు."

"మెకానిక్ కూడా అనుకుని ఉండొచ్చు. వాడు తెలియకపోయినా తల వంచాడు. నువ్వు తెలిసి వాడి తల వంచావు."

"ఉద్యోగం పోతుంది!" గావుకేక వేసి అతడు అయస్కాంతాన్ని వాషరుతో సహా గుప్పిట పట్టి, యంత్రం నోట్లోకి బలంకొద్దీ విసిరాడు. కానీ అది ఇనుము యార్డు. అయస్కాంతం పది అడుగులైనా పోలేదు. దారిలో ఉన్న పాత వ్యాను తలుపుకు టంగుమని అంటుకుపోయింది. వాషరు దాని నెత్తిమీదే ఉంది.

ఒక క్షణం ముగ్గురూ దానివైపే చూశారు.

"ఎత్తెయ్! టైమైంది, కారు ఎత్తెయ్!" అని సర్వేయరు క్రేను డ్రైవరు మీద అరిచాడు. "రాతపూర్వకంగా ఇచ్చాను!"

డిటెక్టివ్ పరుగెత్తలేదు. పరుగెత్తే వయసు కాదు. ఒంగిన తలుపును లాగి, గాజుపెంకుల మీదే డ్రైవరు సీటులో కూర్చుని, చక్రం లేని షాఫ్టును ఎడమచేత్తో పట్టుకుంది. "ఇప్పుడు ఎత్తమను."

క్రేను డ్రైవరు చేతులు కట్టుకున్నాడు. "ఆడమనిషిని కూర్చోబెట్టి అప్పచ్చి చేసే పని నాకొద్దు సార్. పైగా మీరు విసరడం నేను చూశాను. ఎవరడిగినా చెబుతాను." అని వెళ్ళి ఆ వ్యాను తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. సర్వేయరు బల్ల కాలు పట్టుకుని మెల్లగా కిందికి జారాడు.

మూడూ యాభై మూడు. ఆమె ఫోను తీసింది. అవతల అక్క గొంతు బొంగురుపోయి ఉంది.

"పెడుతున్నాడమ్మా! పెద్దాయన ముందే వచ్చేశాడు. తిట్టాను, కొట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. పేరులో సగం రాసేశాడు..."

"ఫోను వాడికివ్వు."

"తీసుకోడు. ఈ ఫోను చూస్తేనే..."

"చెవి దగ్గర పెట్టు. గట్టిగా అదిమిపట్టు."

బల్ల జరిగిన చప్పుడు. ఎవరో కసిరారు. ఆ తరువాత ఒక మనిషి ఊపిరి.

"మేస్త్రీ, విను. వాషరు దొరికింది. ఒక అంచు అరగదీసి ఉంది, నువ్వు చెప్పినట్టే. హబ్బు మీద దాని పళ్ళు దిగబడ్డాయి. వేళ్ళు బిగిస్తే దిగవని నీకు నేను చెప్పాలా? ఆ తరువాత ఇంకొకడు విప్పాడు. వాడు నా ఎదురుగానే ఉన్నాడు. నువ్వు పానా పట్టావు. బిగించావు."

ఆమె వేళ్ళు షాఫ్టు మీద తెల్లబడ్డాయి.

"ఎన్ని దిగాయమ్మా?" అని అడిగాడు మెకానిక్, పిల్లవాడి గొంతుతో.

"పన్నెండుకు పన్నెండు."

నేల మీద కలం పడి దొర్లిన చప్పుడు. దాని వెనుక, ఫోనుకు దూరంగా, అతడు ఎవరినో అడుగుతున్నాడు: "అక్కా, ఆ రోజు దారం తెచ్చానా?"

"తెచ్చావురా," అంటోంది ఆమె, వెక్కుతూ. "నీలందే. రెండూ తెచ్చావు."